చూపు తర్వాతి మాట

పుట్టుకతో వచ్చే శరీర లోపాలకు తెలుగులో ఉన్న పేర్లలో చాలావరకు కంటికి కనిపించే రూపాన్ని మాత్రమే చెబుతాయి. ఒక్క ‘గ్రహణం మొర్రి’ అన్న పేరు మాత్రం రూపంతోపాటు కారణాన్ని కూడా తనలోనే ఇముడ్చుకుని ఉంది. మొర్రి అంటే పై పెదవిలోని చీలిక. గర్భిణి గ్రహణ సమయంలో ఆరుబయటికి వచ్చినా, కత్తిపీట ముందు కూర్చుని కూర తరిగినా, ఒంటి మీద గోటితో గీరుకున్నా బిడ్డ పెదవి చీలుతుందన్న నమ్మకం ఆ పేరులో తరతరాలుగా గూడుకట్టుకుని ఉంది. అందుకే గ్రహణం పట్టిన రోజున కడుపుతో ఉన్న కోడలిని చీకటి గదిలో పడుకోబెట్టి, విడిచేదాకా కదలొద్దని పెద్దవాళ్లు కాపలా కూర్చునే ఇళ్లు ఇవాళ్టికీ ఉన్నాయి. ఆ కాపలాలో ప్రేమ ఉంది, అందులో సందేహం లేదు. కానీ ఆ పేరులో నింద కూడా ఉంది. చీలిన పెదవితో బిడ్డ పుట్టిన ఇంట్లో, తల్లి ఏ గ్రహణం నాడు ఏ గడప దాటిందో చుట్టుపక్కల వాళ్లంతా లెక్కలు తీస్తారు, వాళ్లకంటే ముందు ఆ తల్లే తీసుకుంటుంది.

గర్భంలో శరీరం రూపుదిద్దుకునే క్రమాన్ని పరిశీలించే పిండశాస్త్రం ఈ లెక్కను కాలం దగ్గరే తప్పని తేల్చేసింది. పై పెదవి మొదటే ఒకే ముక్కగా పుట్టదు. ముఖానికి రెండు పక్కల నుంచీ, నడుమ నుంచీ పెరుగుతూ వచ్చిన కణజాలపు మడతలు ఒకదానితో ఒకటి కలిసి అతుక్కోవడం వల్ల ఏర్పడుతుంది, ఆ అతుకు గర్భం నాలుగో వారానికీ ఏడో వారానికీ మధ్యనే పూర్తవుతుంది, అంగిలి కూడా తొమ్మిదో వారం నాటికి మూసుకుంటుంది. అంటే ఐదో నెల గర్భిణిని గ్రహణం నాడు గదిలో కదలకుండా ఉంచే వేళకు లోపలి బిడ్డ పెదవి ఎప్పుడో కుదురుకునో, కుదరకుండానో ఉంటుంది. నిజంగా అది అతుక్కుంటున్న రోజుల్లో ఆమెకు నెల తప్పిందన్న సంగతి కూడా సరిగా తెలిసి ఉండదు. వంశపారంపర్యంగా వచ్చే జన్యువులు, మూర్ఛకు వాడే కొన్ని రకాల మందులు, పొగ తాగడం, అదుపులో లేని మధుమేహం వంటివి కొంత పాత్ర వహిస్తాయని తెలుసు. చాలా సందర్భాల్లో ఏ ఒక్క కారణాన్నీ వేలెత్తి చూపడం సాధ్యం కాదు. వేలెత్తి చూపలేకపోవడమే ఇక్కడ అసలు సత్యం, ఆ తల్లికి అన్నిటికంటే ముందు చెప్పవలసిన మాట కూడా అదే.

గర్భస్థ శిశువును తెర మీద చూపించే అల్ట్రాసౌండ్ పరీక్ష, అంటే ఇంటింటా ‘స్కానింగ్’ అని పిలుచుకునేది, ఈ విషయంలో చేసిన మేలు యంత్రశాస్త్రానికి మాత్రమే సంబంధించినది కాదు. ‘ఆమె ఏం చేసింది?’ అన్న పాత ప్రశ్న స్థానంలో అది ‘లోపల ఏముంది?’ అన్న కొత్త ప్రశ్నను నిలబెట్టింది. మొదటి ప్రశ్న తల్లిని బోను ఎక్కించేది, రెండోది బిడ్డ వైపు తిరిగినది. అయితే రెండో ప్రశ్నకు జవాబు దొరికిన మరుక్షణం ‘ఇప్పుడు ఏం చేయాలి?’ అన్న మూడో ప్రశ్న పుడుతుంది, దాని బరువు మళ్లీ ఆ తల్లి మీదకే వచ్చి పడుతుంది. మూడో ప్రశ్నకు యంత్రం దగ్గర జవాబు లేదు.

ఈ మూడు ప్రశ్నలనూ కలిపి ఆలోచించడానికి హైదరాబాదులో విద్యానగర్ నుంచి తార్నాక మీదుగా ఉప్పల్ వైపు సాగే దారికంటే తగిన చోటు దొరకడం కష్టం. విద్యానగర్‌లో, దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1937లో మద్రాసులో నెలకొల్పిన ఆంధ్ర మహిళా సభ ఆమె పేరుతోనే నడిపే ఆసుపత్రి ఉంది. అక్కడి నుంచి ముందుకు వెళితే ఉస్మానియా విశ్వవిద్యాలయం, దాని జన్యుశాస్త్ర విభాగం వస్తాయి. ఆపైన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, అంటే అందరూ ఎన్‌ఐఎన్ అని పిలిచేది, 1918లో కూనూరులో ఒక చిన్న పరిశోధనశాలగా మొదలై 1958లో ఇక్కడికి తరలివచ్చి స్థిరపడింది. హబ్సిగూడ దారిలో 1977లో పుట్టిన సీసీఎంబీ, అంటే కణ, అణు జీవశాస్త్ర కేంద్రం ఉంటుంది. ఉప్పల్‌లో డీఎన్‌ఏ వేలిముద్రలతోపాటు వంశపారంపర్య వ్యాధుల నిర్ధారణ కూడా చేసే సీడీఎఫ్‌డీ ఉంటుంది. వీటి నడుమనే భూమి లోపలి పొరలను పరిశోధించే ఎన్‌జీఆర్‌ఐ ఉంది, దాని పేరుతో మెట్రో స్టేషను కూడా ఉంది. గర్భస్థ శిశువు సంగతికీ భూభౌతిక శాస్త్రానికీ ఏం సంబంధమని ఎవరైనా అనుకోవచ్చు గానీ, రెండింటిదీ ఒకే విద్య.

తవ్వి చూడలేని భూగర్భంలోకి కంపనాలు పంపి, ఏ పొర దగ్గర తగిలి ఎంతసేపటికి తిరిగొచ్చాయో లెక్కగట్టి పొరల లోతును అంచనా వేయడం భూకంప తరంగాల పద్ధతి. కోసి చూడకూడని గర్భంలోకి చెవికి వినిపించని శబ్దాన్ని పంపి, అది ఎముక దగ్గర ఎలా తిరిగొచ్చిందో, ఉమ్మనీటిలో ఎలా సాగిపోయిందో పట్టి బొమ్మ గీయడం అల్ట్రాసౌండ్ పద్ధతి. మనిషి చెవి సెకనుకు ఇరవై వేల కంపనాల దాకా వినగలదు; స్కానింగులో వాడే శబ్దం సెకనుకు ముప్పై, యాభై లక్షల సార్లు కంపిస్తుంది. మెత్తటి శరీర భాగాల్లో అది సెకనుకు సుమారు 1540 మీటర్ల వేగంతో పోతుంది. గాలి దానికి గోడలాంటిది గనుకనే పొట్ట మీద చల్లటి జెల్ రాసి, చర్మానికీ పరికరానికీ మధ్య గాలి సందు లేకుండా చేస్తారు. ఆ జెల్ చల్లదనమే చాలామంది తల్లులకు ఆ పరీక్షలో మొదట గుర్తుండిపోయే సంగతి.

ఈ విద్య ప్రసూతి వైద్యంలోకి వచ్చిన తోవ ఆలోచింపజేస్తుంది. స్కాట్లాండులోని గ్లాస్గో నగరం ఓడల నిర్మాణానికీ ఉక్కు పనికీ పేరుపడినది; బాయిలర్లలో, లోహపు అతుకుల్లో కంటికి కనబడని పగుళ్లను పట్టుకోవడానికి అక్కడి కర్మాగారాలు శబ్దతరంగాల పరికరాన్ని వాడేవి. ఇయాన్ డోనాల్డ్ అనే ప్రసూతి వైద్యుడు 1955లో శస్త్రచికిత్సలో తొలగించిన కణితులను కారులో వేసుకుని ఒక బాయిలర్ల కర్మాగారానికి వెళ్లి ఆ పరికరంతో పరీక్షించి చూశాడు. ఇంజనీరు టామ్ బ్రౌన్, వైద్యుడు జాన్ మెక్‌వికర్‌తో కలిసి ఆయన రాసిన పరిశోధన పత్రం 1958లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. 1972లో స్టువర్ట్ క్యాంప్‌బెల్ బృందం, పుర్రె పైభాగమూ మెదడులో ప్రధాన భాగమూ ఏర్పడని తీవ్ర లోపాన్ని పదిహేడో వారంలోనే తెర మీద గుర్తించింది. అప్పటి నుంచి గర్భంలో లోపాలను వెతకడం వైద్యంలో ఒక ప్రత్యేక శాఖగా ఎదిగింది.

ఇందులో గమనించవలసినది ఒకటుంది. ఆ పరికరం మొదట లోహంలో లోపాన్ని పట్టుకోవడానికి పుట్టింది. లోహానికి లోపం తేలితే కర్మాగారంలో దాన్ని పక్కన పడేస్తారు, అక్కడ ఇంకో ఆలోచనకు తావు లేదు. పరికరం గర్భం దగ్గరకు వచ్చినప్పుడు ‘లోపం’ అన్న మాటను కూడా వెంట తెచ్చుకుంది. కానీ ఇనప రేకులోని పగులుకూ బిడ్డ పెదవిలోని చీలికకూ మధ్య మాట ఒకటే అయినా అర్థం ఒకటి కాదు. పెదవి చీలికను పుట్టిన కొద్ది నెలలకే శస్త్రచికిత్సతో సరిచేస్తారు. లోపలికి మెలి తిరిగి పుట్టే వంకర పాదాన్ని పాన్‌సేటి అనే వైద్యుడు రూపొందించిన పద్ధతిలో, వారం వారం కట్టు మారుస్తూ నెమ్మదిగా తిన్నగా చేస్తారు. ఇవి రెండూ తెర మీద కనిపించేవే, వీటిలో ఏ ఒక్కటీ బిడ్డను వద్దనుకోవడానికి కారణం కాదు. మెదడు ఏర్పడని బిడ్డ సంగతి వేరు, ఆ బిడ్డ పుట్టినా బతకదు. ఈ మూడింటికీ నివేదికలో ఒకే మాట వాడితే, ఆ మాటే ఒక ప్రమాదమవుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఈ పరీక్షలకు జనం పెట్టుకున్న పేర్లు రెండు: మూడో నెల స్కాన్, ఐదో నెల స్కాన్. మొదటిదాన్ని ఎన్టీ స్కాన్ అని కూడా అంటారు. పదకొండో వారం నుంచి పధ్నాలుగో వారం నిండే లోపు పిండం మెడ వెనక చర్మం కింద పలుచగా నిలిచే నీటి పొర మందాన్ని ఇందులో కొలుస్తారు. అది మూడున్నర మిల్లీమీటర్లు దాటితే క్రోమోజోముల తేడాగానీ గుండె లోపంగానీ ఉండే అవకాశం పెరుగుతుంది. ఆ కొలతను లండనులో కైప్రోస్ నికొలైడిస్ బృందం 1992లో వెలుగులోకి తెచ్చింది. దానికి తల్లి రక్తంలో చేసే డబుల్ మార్కర్ పరీక్షను జోడిస్తే, ఇరవై ఒకటో క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉండటం వల్ల వచ్చే డౌన్ సిండ్రోమ్ ఉన్న పిండాల్లో నూటికి తొంభై దాకా అనుమానం కింద పట్టుబడతాయి.

అనుమానం అన్న మాటను ఇక్కడ జాగ్రత్తగా చదవాలి. నివేదికలో ‘250లో ఒకటి, హై రిస్క్’ అని ఉంటే, అలాంటి 250 మంది తల్లుల్లో ఒకరి బిడ్డకు ఆ తేడా ఉండవచ్చునని, 249 మంది బిడ్డలకు ఉండదని అర్థం. ఆ కాగితం పట్టుకుని ఇంటికి వెళ్లిన కుటుంబం మాత్రం 249ని మరచిపోయి ఒకటినే పట్టుకుని కూర్చుంటుంది. నిర్ధారణ కోసం ఉమ్మనీటి పరీక్ష చేయించుకుని, దాని ఫలితం వచ్చేదాకా ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు. లెక్కను అర్థమయ్యేలా చెప్పడం ఎవరి బాధ్యత అన్న ప్రశ్నకు ఇప్పటికీ సరైన జవాబు లేదు.

ఐదో నెల స్కానును ‘టిఫా’ అంటారు. పిండంలోని లోపాలను ఒక్కొక్క అవయవం వద్ద ఆగి వెతికే పరీక్ష అని దానికి అర్థం, పద్ధెనిమిదో వారం నుంచి ఇరవై రెండో వారం లోపు చేస్తారు. అప్పటికి బిడ్డ జానెడు కంటే కాస్త ఎక్కువ పొడవు, మూడు వందల గ్రాముల బరువు ఉంటుంది; గుండె బొటనవేలి గోరంత ఉంటుంది. ఆ గోరంత గుండెలో నాలుగు గదులూ సమానంగా ఉన్నాయా, నడుమ గోడ తిన్నగా ఉందా, రెండు పెద్ద రక్తనాళాలు ఒకదాని మీదుగా ఒకటి దాటుతున్నాయా లేక పక్కపక్కనే సాగుతున్నాయా అన్నది కొట్టుకుంటున్న గుండెలోనే చూడాలి. బిడ్డ బోర్లా తిరిగి ఉంటే తల్లిని కాసేపు నడిచి రమ్మని, పక్కకు తిరిగి పడుకోమని చెప్పి మళ్లీ మొదలుపెడతారు. వెన్నెముక సరిగా మూసుకోని బిడ్డలో పరీక్ష చేసేవారు కొన్నిసార్లు వెన్నుకంటే ముందు తలనే చూసి సంగతి పసిగడతారు: నుదుటి దగ్గర పుర్రె రెండు వైపులా నొక్కుకుపోయి నిమ్మకాయ ఆకారంలో కనిపిస్తుంది, వెనకవైపు ఉండే చిన్నమెదడు కిందికి లాగుకుపోయి అరటిపండులా వంగి కనిపిస్తుంది. 1986లో వైద్యులు ఈ రెంటికీ నిమ్మకాయ గుర్తు, అరటిపండు గుర్తు అనే పేర్లు పెట్టారు. నడుము దగ్గర ఉన్న లోపాన్ని తల దగ్గర చదవగలగడం ఈ శాస్త్రంలో అబ్బురపరిచే సంగతి, చూసే చేతికీ కంటికీ ఎంత శిక్షణ కావాలో కూడా అదే చెబుతుంది.

ఇంత నైపుణ్యం ఉన్నా, కనిపించనిది కనిపించే దానికంటే తక్కువేమీ కాదు. వినికిడి, చూపు, బుద్ధి వికాసం తెర మీదికి రావు. తలసీమియా, సికిల్‌సెల్ వంటి రక్త వ్యాధులు బొమ్మలో ఉండవు. గుండె గోడలోని చిన్న రంధ్రాలు తప్పించుకుంటాయి, కొన్ని మెదడు, కిడ్నీ లోపాలు ఏడో నెల దాటాకే బయటపడతాయి. 1993లో అమెరికాలో పదిహేను వేల మందికి పైగా గర్భిణులతో చేసిన ‘రేడియస్’ పరిశీలనలో, క్రమం తప్పక స్కానింగ్ చేసినవారిలో కూడా లోపాలున్న శిశువుల్లో పుట్టకముందే గుర్తించగలిగింది 35 శాతాన్నే. 1999లో వెలువడిన ఐరోపా పరిశీలనలో ఆ వాటా సగం దాటింది, ఆ తర్వాత యంత్రాలూ మెరుగయ్యాయి. అయినా నివేదిక చివర ‘నార్మల్’ అన్న మాటకు ‘ఈ పరీక్షలో చూడగలిగినంత మేరకు ఏమీ కనబడలేదు’ అనే తప్ప ‘బిడ్డకు ఏ లోపమూ లేదు’ అని అర్థం కాదు. ఈ తేడాను ముందే చెప్పి ఉంటే, తర్వాత ఆసుపత్రుల్లో జరిగే ఎన్నో గొడవలు, ఎన్నో కన్నీళ్లు తప్పేవి.

కనిపించిన ప్రతిదీ లోపం కాకపోవడం ఇంకో సమస్య. బిడ్డ గుండెలో, కవాటాలను పట్టి ఉంచే చిన్న కండరం మీద సున్నపు రేణువులు చేరి తెల్లటి చుక్కలా మెరవడం ఐదో నెల స్కానులో తరచుగా కనిపించే సంగతి. నివేదికల్లో దాన్ని ‘ఎకోజెనిక్ ఫోకస్’ అని రాస్తారు. ఆసియా మూలాలున్న కుటుంబాల బిడ్డల్లో ఇది మరింత ఎక్కువ. మిగతా పరీక్షలన్నీ సవ్యంగా ఉన్నప్పుడు ఆ చుక్క ఒక్కటే గుండెకు ఏ హానీ చేయదు. కానీ నివేదిక ఇంగ్లీషులో ఉంటుంది, అందులో ‘హార్ట్’ అన్న మాట ఒక్కటే తల్లికి అర్థమవుతుంది. వైద్యురాలి అపాయింటుమెంటు నాలుగు రోజుల తర్వాత ఉంటే, ఆ నాలుగు రోజులూ ఆమె ఫోనులో ‘ఎకోజెనిక్ ఫోకస్’ అన్న రెండు మాటలు కొట్టి వెతుకుతూ, కనిపించిన ప్రతి భయంకరమైన విషయాన్నీ తన బిడ్డకు అన్వయించుకుంటూ గడుపుతుంది. పూర్వం గ్రహణం నాడు చీకటి గదిలో పడుకున్నావిడకూ, ఇప్పుడు ఫోను వెలుగులో మేలుకుని ఉన్నావిడకూ మధ్య భయంలో పెద్ద తేడా కనిపించదు.

నివేదిక భాష సంగతి వచ్చినప్పుడు, ఇదే నగరంలో నూరేళ్ల కిందట జరిగిన ఒక పనిని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు ఉర్దూను బోధనా భాషగా పెట్టుకుంది. అందుకోసం అంతకు ముందు సంవత్సరమే ఒక అనువాద విభాగాన్ని నెలకొల్పి, భౌతిక, రసాయన శాస్త్రాల నుంచి వైద్యం దాకా పాఠ్యగ్రంథాలను తర్జుమా చేయించి, వేలాది శాస్త్ర పదాలను తయారు చేయించింది. ఈ నేల మీద ఎక్కువమంది మాట్లాడేది తెలుగు అయినప్పుడు ఉర్దూను ఎంచుకోవడం సరైనదా అన్నది వేరే చర్చ. దేశభాషలో వైద్యం చెప్పడం సాధ్యమేనని అది రుజువు చేసిందన్నది మాత్రం కాదనలేని నిజం. నూరేళ్ల తర్వాత, ఆర్ట్స్ కాలేజీ రాతి కట్టడం కనిపించేంత దూరంలో స్కానింగ్ చేయించుకునే తల్లికి తన బిడ్డ గురించి తన భాషలో ఒక్క వాక్యం కూడా కాగితం మీద అందకపోవడం, మాటలు లేక జరిగిన లోటు కాదు. ఉమ్మనీరు, మాయ, బొడ్డుతాడు, ఎదుగుదల, కదలిక, గుండె గది, వెన్నుపూస వంటి మాటలన్నీ ఆమెకు తెలిసినవే.

ఆ తల్లికి తెలుగులో కచ్చితంగా కనిపించే వాక్యం స్కానింగ్ కేంద్రాల్లో ఒకటే ఉంది: ‘ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు’. 1994లో వచ్చి 1996 జనవరి 1 నుంచి అమలై, 2003లో మరింత బిగిసిన చట్టం, బిడ్డ ఆడా మగా అన్న సంగతిని మాటతోగానీ సైగతోగానీ మరే విధంగాగానీ చెప్పడాన్ని నేరం చేసింది. ఆ బోర్డు అక్కడ ఉండవలసిన అవసరం ఎంతుందో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనగణన అంకెలే చెబుతాయి: ఆరేళ్లలోపు వెయ్యి మంది మగపిల్లలకు ఆడపిల్లలు 1991లో 975 మంది, 2001లో 961, 2011లో 939. లోపం వెతకడానికి వచ్చిన పరికరం చేతిలో ఆడపిల్ల కావడమే ఒక లోపంగా మారిన ఇరవై ఏళ్ల చరిత్ర అది. ‘లోపం’ అన్న మాటను ఎవరు, దేనికి వాడుతున్నారో ప్రతిసారీ అడగవలసిన అవసరం ఎందుకుందో దీనికంటే బలంగా చెప్పే ఉదాహరణ లేదు.

తీవ్రమైన లోపం నిజంగానే తేలినప్పుడు గర్భం ఉంచుకోవాలా వద్దా అన్నది తల్లి నిర్ణయం. గర్భస్రావానికి సంబంధించిన 1971 చట్టం ఇరవై వారాల దగ్గర గీత గీసింది. అంటే టిఫా పూర్తయ్యే వేళకే తలుపు మూసుకునేది. 2008లో ముంబయిలో ఇరవై నాలుగో వారంలో బిడ్డ గుండె లోపం తెలిసి హైకోర్టుకు వెళ్లిన దంపతులకు అనుమతి దొరకలేదు. 2021 సవరణ వచ్చాక, వైద్య మండలి నిర్ధారించిన తీవ్ర లోపాల విషయంలో వారాల పరిమితి తొలగింది. చట్టం ఆమెకు సమయం ఇచ్చింది. ఆ సమయంలో ఆమెకు ఎవరు ఏ మాటల్లో చెబుతారన్నది చట్టంలో రాయలేని సంగతి. ఇంకోవైపు, ముందే తెలుసుకోవడం బిడ్డను దక్కించుకోవడానికీ పనికొస్తుంది. గుండె నుంచి బయలుదేరే రెండు పెద్ద రక్తనాళాలు తారుమారైన బిడ్డ పుట్టిన కొద్ది గంటల్లోనే నీలంగా మారిపోతుంది. ఆ సంగతి ఐదో నెలలోనే తెలిస్తే చిన్నపిల్లల గుండె వైద్యం ఉన్న ఆసుపత్రిలోనే కాన్పు ఏర్పాటు చేసుకోవచ్చు, పుట్టిన వెంటనే మందు మొదలుపెట్టి, రోజుల్లోనే శస్త్రచికిత్స చేసి బతికించుకోవచ్చు. స్కానింగుకు ఉన్న అన్ని సమర్థనల్లోకీ ఇదే గట్టిది.

అయినా స్కానింగ్ ఈ గొలుసులో చివరి కొక్కెం మాత్రమే. మెదడుగా, వెన్నుపాముగా ఎదగవలసిన నాడీనాళం గర్భం నిలిచిన ఇరవై ఎనిమిది రోజుల్లోనే మూసుకుంటుంది. మూసుకోకపోతే ఆ తర్వాత ఏ మాత్రా దాన్ని మూయలేదు. ఫోలిక్ ఆమ్లం అనే బి విటమిన్ ముందు నుంచే అందితే ఈ లోపాలు చాలావరకు తప్పుతాయని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి నిరూపించింది. అంతకుముందు ఇలాంటి బిడ్డను కన్న తల్లుల్లో అది మళ్లీ జరగడం 72 శాతం తగ్గింది. తోటకూర, పాలకూర, పెసలు, శనగల్లో ఆ విటమిన్ ఉంటుంది గానీ ఎక్కువసేపు ఉడికిస్తే చాలావరకు పోతుంది. అందుకే గర్భం కోరుకునే స్త్రీ నెల తప్పకముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల మాత్ర వేసుకోవాలంటారు. మన దగ్గర మాత్ర చేతికందేది పేరు నమోదు చేయించుకున్నాక, అంటే ఆ నాళం మూసుకునే గడువు దాటిపోయాక. పెళ్లి పత్రికతోపాటు ఈ సంగతి కూడా ఇంటికి చేరాలి. ఉప్పులో అయోడిన్‌తోపాటు ఇనుమును కూడా కలిపే విద్యను దేశానికి ఇచ్చిన ఎన్‌ఐఎన్ ఉన్న తార్నాకలో ఈ మాట కొత్తదేమీ కాదు.

మేనరికం విషయంలో కూడా మాట తూకంగా ఉండాలి. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లిలో పుట్టే బిడ్డకు ఒకే పూర్వీకుడి నుంచి ఒకే జన్యువు రెండు వైపులా అందే అవకాశం పదహారింట ఒక వంతు, మేనమామ మేనకోడలిని చేసుకుంటే ఎనిమిదింట ఒక వంతు. దాని ఫలితంగా, ఎవరికైనా నూటికి రెండు మూడుగా ఉండే తీవ్ర లోపాల అవకాశానికి మేనత్త, మేనమామ పిల్లల పెళ్లిలో ఇంకో రెండు మూడు కలుస్తాయి. అవకాశం రెట్టింపవుతుందన్నదీ నిజమే, నూటికి తొంభై నలుగురికి పైగా బిడ్డలు బాగానే పుడతారన్నదీ నిజమే. సలహా ఇచ్చేవారు రెండూ చెప్పాలి. మొదటిది ఒక్కటే చెబితే, గ్రహణం పోయిన చోట మేనరికం వచ్చి కూర్చుని, మళ్లీ ఆ తల్లినే నిందిస్తుంది.

2022 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం సుమారు 20 కోట్ల రూపాయల ఖర్చుతో 44 ప్రభుత్వ ఆసుపత్రుల్లో 56 టిఫా యంత్రాలను పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రి వేదికగా ప్రారంభించింది. ప్రైవేటు కేంద్రంలో వేల రూపాయలు పెట్టలేని తల్లికి ఇది నిజమైన మేలు, మనసారా మెచ్చుకోవలసిన పని. ప్రతి యంత్రం వెనకా నిమ్మకాయ గుర్తును చదవగల కన్ను ఉండాలి. ప్రతి నివేదిక తర్వాతా పదిహేను నిమిషాలు కూర్చుని తెలుగులో చెప్పే మనిషి ఉండాలి. జన్యు సలహాదారు అనే ఉద్యోగం ఇంకా ఆసుపత్రుల పట్టికల్లో చోటు వెతుక్కుంటూనే ఉంది.

కనీసం ఒక పని వెంటనే చేయవచ్చు. టిఫా నివేదికతోపాటు ప్రతి తల్లి చేతికీ ఒక తెలుగు పుట ఇవ్వాలి: ఏం చూశారు, ఏం చూడలేరు, తెల్లటి చుక్క అంటే ఏమిటి, 250లో ఒకటి అంటే ఎంత, తర్వాత ఎవరిని కలవాలి, ఇందులో ఏ ఒక్కటీ ఆమె చేసిన తప్పు వల్ల రాలేదు. ఆ పుటను రాయగల వైద్యులు, జన్యు శాస్త్రజ్ఞులు, పోషకాహార నిపుణులు, తెలుగు ఆచార్యులు అందరూ విద్యానగర్ నుంచి ఉప్పల్ దాకా ఉన్న ఆ దారి మీదే పనిచేస్తున్నారు.